నిమ్మ పులుపు, మీగడ కమ్మదనం: విరగని కాక్‌టెయిల్ వెనకున్న లెక్క

నేను ఇంట్లో మొట్టమొదట కలిపిన క్రీమ్ కాక్‌టెయిల్ నిమిషం కూడా నిలవలేదు. గ్లాసులో వోడ్కా పోసి, ఒక నిమ్మకాయ మొత్తం పిండి, పంచదార పాకం కలిపి, గంటసేపు వంటగట్టు మీదే ఉండిపోయిన పాలను పైనుంచి ఒక్కసారిగా వంపాను. గ్లాసు మధ్యలో తెల్లని మబ్బు ఒకటి విచ్చుకుంది. బాగుందనుకునేలోపే అది రవ్వరవ్వగా విడిపోయింది. పలుకులు కొన్ని గ్లాసు గోడను పట్టుకుని ఉండిపోయాయి, కొన్ని అడుగుకు దిగాయి, మధ్యలో లేత పసుపు తేట మిగిలింది. రుచి మరీ చెడ్డగా ఏమీ లేదు గానీ, నాలుక మీద తడి ఇసుకలా తగిలే పానీయాన్ని అతిథి చేతికివ్వడానికి మనసొప్పక సింకులో పారబోశాను.

పులుపు తగిలితే పాలు విరుగుతాయని వంటింట్లో అడుగుపెట్టిన ఎవరికైనా తెలుసు, నాకూ తెలుసు. తెలిసీ ఆ పని చేయడానికి కారణం, పుల్లని రసమూ క్రీమూ కలిసిన పానీయాలు బార్లలో నున్నగా, చిక్కగా, పొంగే నురగతో రావడం అప్పటికే చూసి ఉండటం. అంతర్జాతీయ బార్‌టెండర్ల సంఘం గుర్తించిన ‘గోల్డెన్ డ్రీమ్’లో గలియానో అనే ఇటలీ లికర్ (లికర్ అంటే తీపి కలిపిన సువాసన మద్యం) 20 మి.లీ., నారింజ లికర్ 20 మి.లీ., నారింజ రసం 20 మి.లీ., తాజా క్రీమ్ 10 మి.లీ. పడతాయి. రసం క్రీమ్‌కు రెండింతలు ఉన్నా అది విరగదు. అదే సంఘం జాబితాలోని ‘రామోస్ జిన్ ఫిజ్’ ఇంకా సాహసం చేస్తుంది: 60 మి.లీ. క్రీమ్‌లో రెండు రకాల నిమ్మల రసం, ఒక్కోటి 15 మి.లీ. చొప్పున, నేరుగా కలుస్తుంది. అవి నిలిచి నాది విరగడానికి అదృష్టం కారణం కాదు, చేతివాటం మాత్రమే కూడా కాదు. నేను పాళ్ళు, చల్లదనం, క్రమం ఒకేసారి తప్పాను. అంతకంటే పెద్ద పొరపాటు, ‘నిమ్మ’ అనే ఒక్క మాట వెనక ఉన్న రెండు వేర్వేరు సరుకులను ఒకటే అనుకోవడం. నిమ్మజాతి పండు వాసన తొక్కలో ఉంటుంది, పులుపు రసంలో ఉంటుంది. క్రీమ్‌కు పడనిది పులుపు మాత్రమే, అదీ అన్ని వేళలా కాదు. ఈ విడదీత పట్టుబడితే మిగిలిన గందరగోళం చాలావరకు తీరిపోతుంది.

విరగడం వేరు, తోడుకోవడం వేరు

ఆవు పాలలోని ప్రోటీన్లలో సుమారు 80 శాతం కేసిన్. అది విడివిడి అణువులుగా కాక, కంటికి కనిపించని చిన్న ఉండలుగా పాలంతటా తేలుతూ ఉంటుంది. ఆ ఉండల ఉపరితలం మీద నూగులాంటి పొర ఒకటి ఉంటుంది, దానికి రుణ విద్యుదావేశం ఉంటుంది. ఒకే ఆవేశం ఉన్నవి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి కాబట్టి ఉండలు దగ్గరకు చేరవు, పాలు పాలలాగే ఉంటాయి. ఆమ్లతను కొలిచే అంకె పీహెచ్, అది ఎంత తక్కువైతే పులుపు అంత ఎక్కువ. పాల పీహెచ్ 6.6 నుంచి 6.7 వరకు ఉంటుంది. ఆమ్లం కలిసి పీహెచ్ దిగుతున్నకొద్దీ ఆ ఆవేశం తగ్గుతుంది, నూగు పొర కుదించుకుపోతుంది, ఉండలను లోపల కట్టిపట్టిన కాల్షియం ఫాస్ఫేట్ కరిగి బయటికి వస్తుంది. 4.6 దగ్గర నికర ఆవేశం సున్నా అవుతుంది. అక్కడ నెట్టుకునే బలం ఉండదు కాబట్టి ఉండలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. నిమ్మరసం పీహెచ్ 2 నుంచి 2.6 వరకు ఉంటుంది, నారింజ రసానిది ఎక్కువగా 3.3కూ 4.2కూ మధ్య. పీహెచ్ లెక్కలో ఒక్క అంకె తేడా అంటే ఆమ్లతలో పదింతలు అని గుర్తుంచుకుంటే, రెండు చెంచాల నిమ్మరసం చేసే పని రెండు చెంచాల నారింజ రసం ఎందుకు చేయదో తెలుస్తుంది. నిమ్మరసంలో సిట్రిక్ ఆమ్లం 5 నుంచి 6 శాతం, నారింజలో దాదాపు ఒక్క శాతమే.

ఇక్కడ తెలుగులో మనకు రెండు మంచి మాటలున్నాయి, వాటిని వాడుకోవాలి. పాలు విరుగుతాయి, పాలు తోడుకుంటాయి. రెండింటిలోనూ జరిగే రసాయన చర్య దాదాపు ఒకటే. పెరుగులో బ్యాక్టీరియా గంటల తరబడి కొద్దికొద్దిగా లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేస్తుంది, పీహెచ్ నెమ్మదిగా దిగుతుంది, కేసిన్ ఉండలు తొందరలేకుండా ఒకదానికొకటి అల్లుకుని నీటిని తమ మధ్యనే పట్టి ఉంచుకుంటాయి. అందుకే పెరుగు నున్నగా ఉంటుంది. వేడి పాలలో ఒక్కసారిగా పులుపు పడితే అల్లికకు వ్యవధి లేక ఉండలు గుంపులుగా ముద్దకట్టి, బిగుసుకుని, నీటిని బయటికి పిండేస్తాయి. అదే విరగడం. కాక్‌టెయిల్‌లో మనకు కావలసింది పులుపు పడినా ఏమీ జరగకపోవడం కాదు, జరిగేదేదో విరగడంలా కాక తోడుకోవడంలా జరగడం. గడ్డపాలలో, అంటే డబ్బాల్లో వచ్చే తీపి కండెన్స్‌డ్ మిల్క్‌లో, నిమ్మరసం కలిపితే అది పలుకులు కట్టకుండా మరింత చిక్కబడుతుంది. అమెరికాలో చేసే ‘కీ లైమ్ పై’ అనే నిమ్మరుచి తీపి వంటకపు లోపలి ముద్ద గట్టిపడటం వెనక ఉన్నది ఈ గుణమే. బ్రెజిల్‌లో నిమ్మకాయలను తొక్కతో సహా కండెన్స్‌డ్ మిల్క్‌తో కలిపి మిక్సీలో తిప్పి, వడకట్టి అప్పటికప్పుడు తాగే పానీయమూ ఇదే ధర్మం మీద నిలబడింది.

మరి మామూలు క్రీమ్‌ను ఈ దారికి తెచ్చేవి ఏమిటి? మొదటిది కొవ్వు. పూర్తి పాలలో కొవ్వు సుమారు 3.5 శాతం ఉంటే, చిక్కటి విప్పింగ్ క్రీమ్‌లో 35 శాతం, ఆపైన. ఆ మేరకు నీరూ ప్రోటీనూ తగ్గుతాయి, అంటే విరగడానికి ఉన్న సరుకే తక్కువ. పైగా కొవ్వు బొట్లు ప్రోటీన్ గుంపుల మధ్య అడ్డుపడి అవి పెద్ద ముద్దలు కాకుండా చూస్తాయి, నాలుక మీద నునుపు కూడా వాటివల్లే. ఆరోగ్యం పేరిట క్రీమ్ బదులు పాలో, పలుచటి క్రీమో వాడటం ఈ ఒక్క పానీయంలో మాత్రం నష్టదాయకం. అలాంటి కోరిక ఉంటే క్రీమ్ కొలత సగానికి తగ్గించుకోవడం మేలు.

రెండవది చల్లదనం. చల్లగా ఉన్నప్పుడు కేసిన్ ఉండలు అతుక్కునే వేగం బాగా తగ్గుతుంది. క్రీమ్, రసం, మద్యం మూడూ ఫ్రిజ్‌లోంచి నేరుగా రావాలి, గ్లాసు కూడా చల్లబరచి ఉండాలి. ఇది ఎంత చిన్న విషయంగా కనిపిస్తుందో అంత పెద్ద తేడా చేస్తుంది.

మూడవది క్రమం, నా మొదటి గ్లాసును ముంచినది ముఖ్యంగా ఇదే. మద్యం కూడా కేసిన్‌కు మిత్రుడు కాదన్న సంగతి చాలామంది గమనించరు. పాల సేకరణ కేంద్రాల్లో పాలు పులియడం మొదలైందో లేదో తెలుసుకోవడానికి 68 శాతం ఆల్కహాల్‌ను సమానమైన కొలత పాలలో కలిపి చూసే పరీక్ష ఒకటి ఉంది. పలుకులు తేలితే ఆ పాలు నిలవవని లెక్క. నేను చేసింది సరిగ్గా ఆ పరీక్షే. నీరు కలవని వోడ్కా, పలచబడని నిమ్మరసం, చల్లగా లేని పాలు. ముందుగా మద్యాన్నీ రసాన్నీ పాకాన్నీ ఐసుతో గిలక్కొట్టి చల్లబరచి, కరిగిన ఐసు నీటితో కాస్త పలచబడనిచ్చి, ఆ తర్వాతే క్రీమ్ పోసి వెంటనే మళ్ళీ గిలక్కొడితే, క్రీమ్‌కు ఎక్కడా ఘాటైన పులుపు నేరుగా తగలదు. అన్నీ ఒకేసారి షేకర్‌లో వేసి ఆలస్యం లేకుండా గిలక్కొట్టినా చాలాసార్లు పని జరుగుతుంది. కొలిచి పోసి ఫోను మాట్లాడి వచ్చేవారికి మాత్రం జరగదు.

నాలుగవది కాలం. ఇది నిలవ ఉంచే పానీయం కాదు. ఎంత జాగ్రత్తగా కలిపినా పీహెచ్ 4.6 దాపుల్లోకి వచ్చిన క్రీమ్ శాశ్వతంగా నున్నగా ఉండదు. మనం చేసేదల్లా కలిపిన గడియకూ విరిగే గడియకూ మధ్య తాగడానికి చాలినంత వ్యవధి సంపాదించడమే.

సీసాల్లో దొరికే క్రీమ్ లికర్లు ఈ బాధలన్నిటికీ పరిష్కారమని అనుకునేవారున్నారు. 1974లో వచ్చిన బెయిలీస్ వంటివాటిలో ఆల్కహాల్ 17 శాతం ఉన్నా క్రీమ్ నెలల తరబడి విడిపోదు, నిజమే. కానీ ఆ నిలకడ మద్యాన్ని తట్టుకోవడానికి ఏర్పరచినది, పులుపును తట్టుకోవడానికి కాదు. దాని మీద నిమ్మరసం పడితే నోట్లోనే ముద్దకడుతుంది. స్నేహితులను ఏడిపించడానికి సరదాగా తాగించే ‘సిమెంట్ మిక్సర్’ అనే చిన్న గ్లాసు రహస్యం అదే.

పన్నెండు నిమిషాల పురాణం

న్యూ ఆర్లీన్స్ నగరంలో హెన్రీ రామోస్ 1888లో ప్రవేశపెట్టిన జిన్ ఫిజ్ గురించి ప్రచారంలో ఉన్న కథ ఏమిటంటే, దాన్ని 12 నిమిషాల పాటు గిలక్కొట్టాలని. అందుకోసం కుర్రాళ్ళను వరసగా నిలబెట్టి షేకర్‌ను చేతులు మార్పించేవారని చెబుతారు. ఇంట్లో ఒంటరిగా ప్రయత్నించినవారికి మూడో నిమిషంలోనే ఈ కథ మీద నమ్మకం సడలుతుంది. ఐసు కరగడం ఒక దశ తర్వాత దాదాపు ఆగిపోతుంది కాబట్టి అంతసేపటి శ్రమవల్ల పానీయం మరీ నీళ్ళగా మారకపోవచ్చు గానీ, నురగకు అంత తపస్సు అవసరం లేదు. ఐసు లేకుండా నిమిషంపాటు, ఐసుతో మరో నిమిషంపాటు గట్టిగా గిలక్కొడితే ఇంటి గ్లాసుకు చాలు.

ఆ కథ కంటే ఆ పానీయపు కూర్పు ఎక్కువ నేర్పుతుంది. అందులో గుడ్డు తెల్లసొన 30 మి.లీ. పడుతుంది. గిలక్కొట్టినప్పుడు తెల్లసొనలోని ప్రోటీన్ గాలిబుడగ అంచుకు చేరి, తన మడతలు విప్పుకుని, పక్కనున్న వాటితో కలిసి పలుచటి గోడ కడుతుంది. కేసిన్‌కు కీడు చేసే పులుపు ఇక్కడ మేలు చేస్తుంది, ఆ గోడ కూలకుండా నిలవడానికి తోడ్పడుతుంది. కాబట్టి అదే నిమ్మరసం ఒక ప్రోటీన్‌ను విడగొడుతూ మరో ప్రోటీన్‌ను నిలబెడుతుంది. పాకం 30 మి.లీ. దాకా పడటం కేవలం తీపికోసం కాదు, చిక్కదనంతో బుడగల నుంచి నీరు జారిపోవడాన్ని ఆలస్యం చేస్తుంది. అంత పులుపులో కేసిన్ ఎంతో కొంత గుంపుకట్టినా, ఆగకుండా సాగే కుదుపులో అది కంటికీ నాలుకకూ అందనంత సన్నని రేణువులుగానే మిగిలి, నురగకు బలమవుతుంది.

పచ్చి తెల్లసొన అంటే సాల్మొనెల్లా భయం సహజం. పాశ్చరీకరించిన తెల్లసొన వాడితే ఆ చింత తగ్గుతుంది. గుడ్డు వద్దనుకునేవారు పెద్ద సెనగలు ఉడికించిన చిక్కటి నీటిని అంతే కొలతలో వాడుకోవచ్చు. 2014లో ఒక ఫ్రెంచి సంగీతకారుడు ఆ నీటి నురగ గుణాన్ని లోకానికి చూపాక దానికి ‘ఆక్వాఫాబా’ అనే పేరు కూడా వచ్చింది. సెనగ వాసన కొద్దిగా ఉంటుంది. నిమ్మతొక్క వాసన ముందు అది నిలవదు.

తొక్క చేసే పని

1763 అక్టోబరులో బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన మిత్రుడు జేమ్స్ బౌడిన్‌కు రాసిన ఉత్తరంతో పాటు మిల్క్ పంచ్ తయారీ విధానం ఒకటి పంపాడు. ఆరు క్వార్టుల (క్వార్టు అంటే లీటరుకు కాస్త తక్కువ) బ్రాందీ తీసుకోవాలి, 44 నిమ్మకాయల తొక్కను పలుచగా చెక్కి అందులో 24 గంటలు నానబెట్టి వడకట్టాలి. ఆ తర్వాతే నీరు, జాజికాయ పొడి, పంచదార, రెండు క్వార్టుల నిమ్మరసం కలుపుతారు. చివర మూడు క్వార్టుల పాలు మరగబెట్టి, వేడివేడిగా అందులో పోసి, రెండు గంటలు కదపకుండా ఉంచి, గుడ్డసంచిలోంచి తేటగా దిగేదాకా వడకడతారు.

గమనించాల్సినవి రెండు. ఒకటి, ఇక్కడ పాలు కావాలనే విరగ్గొడుతున్నారు. మరిగే పాలు, చిక్కటి పులుపు, బలమైన మద్యం: మనం తప్పించుకోవాలని చూస్తున్న ప్రతి పరిస్థితినీ ఏరి కూర్చి, ముద్దకట్టిన కేసిన్‌కు వగరునూ మడ్డినీ రంగునూ పట్టించి బయట పారేస్తున్నారు. మిగిలిన తేటలో పాల తెల్లదనం ఉండదు, కానీ ఆమ్లానికి విరగని ప్రోటీన్లు కొంత మిగిలి ఉండటంతో నోటికి పట్టులా తగులుతుంది. పాలు విరిగిన కాక్‌టెయిల్‌ను పారబోసేముందు ఒకసారి కాఫీ వడపోత కాగితంలోంచి వడకట్టి చూడమని నేను ఇప్పుడు చెబుతాను. అప్పట్లో నాకు ఆ మాట చెప్పినవారు లేరు.

రెండోది మన విషయానికి మరింత దగ్గరది. తొక్కనూ రసాన్నీ ఫ్రాంక్లిన్ రెండు వేర్వేరు సరుకులుగా, వేర్వేరు దశల్లో వాడాడు. తొక్క పైపొరలోని చిన్న చిన్న తిత్తుల్లో సుగంధ తైలం ఉంటుంది, అందులో ప్రధానమైనది లిమోనిన్. అది నీటిలో కరగదు, ఆల్కహాల్‌లోనూ కొవ్వులోనూ చక్కగా కరుగుతుంది. దానిలో పులుపు లేదు కాబట్టి కేసిన్ జోలికి పోదు. ఇటలీలో చేసే ‘క్రీమ్ లిమొన్చెల్లో’ అనే నిమ్మ లికర్ పాలతోనో క్రీమ్‌తోనో కలిసినా విరగకుండా నెలల తరబడి నిలవడానికి కారణం, అందులో రసం చుక్క కూడా ఉండకపోవడమే. ఉన్నదంతా మద్యంలో నానిన తొక్క వాసన. కాబట్టి కాక్‌టెయిల్‌లో నారింజ ‘రుచి’ పెరగాలంటే రసం పెంచడం తప్పుదారి. రసం పెంచితే నీరూ పులుపూ పెరుగుతాయి, విరిగే ప్రమాదం పెరుగుతుంది, వాసన మాత్రం అంతగా పెరగదు. తొక్కను పెంచాలి.

అందుకు నాకు బాగా కుదిరిన పద్ధతి తొక్క పంచదార. రెండు నారింజల తొక్కను కూరగాయల తొక్క తీసే పరికరంతో, లోపలి తెల్లపొర రాకుండా పలుచని పట్టీలుగా తీయాలి. ఆ తెల్లపొరలోనే చేదంతా ఉంటుంది. 100 గ్రాముల పంచదారలో ఆ పట్టీలను వేసి చేత్తో గట్టిగా నలిపి, మూతపెట్టి నాలుగైదు గంటలు వదిలేయాలి. తిరిగి మూత తీసేసరికి పొడిగా ఉన్న పంచదార తడిసి, లేత నారింజ రంగు తిరిగి, పట్టీలు వడలి వంకరపోయి ఉంటాయి. తైలాన్నీ తడినీ పంచదార లాగేసుకుంది. దాని మీద 100 మి.లీ. వేడినీళ్ళు పోసి కరిగించి వడకడితే, మామూలు పాకం స్థానంలో వాడుకోదగిన సువాసన పాకం సిద్ధం. ఇది చల్లారి ఫ్రిజ్‌లో చల్లబడ్డాకే షేకర్ దగ్గరికి రావాలి.

రంగు సంగతి

క్రీమ్ తెల్లగా కనిపించడానికి అందులో తెల్లని పదార్థమేదో ఉండటం కారణం కాదు. కొవ్వు బొట్లు తమ మీద పడిన కాంతిని అన్ని వైపులకూ చెదరగొడతాయి. అందువల్ల క్రీమ్‌లో ఏ రంగు కలిపినా అది పలచబడి, సున్నం కలిసినట్టు లేతబడుతుంది. దానిమ్మ ఎరుపు గులాబీ అవుతుంది, నారింజ లేత పీచు పండు రంగుకు దిగుతుంది. నిండైన రంగు కావాలంటే క్రీమ్ కలిసిన భాగంలో కాకుండా, క్రీమ్ కలవని భాగంలో దాన్ని ఉంచడమే సులువు.

రంగులను కలపడంలో ఎక్కువమంది బోల్తా పడేది బ్లూ కురసావ్ అనే నీలి రంగు నారింజ లికర్ దగ్గర. కరేబియన్ సముద్రంలోని కురసావ్ ద్వీపంలో, స్పెయిన్ నుంచి తెచ్చి నాటిన నారింజ ఆ నేలలో చేదెక్కి ‘లరాహా’ అనే రకంగా మారింది. పండు తినడానికి పనికిరాదు గానీ ఎండిన తొక్క వాసన అద్భుతం, లికర్ ఆ తొక్కతోనే పుట్టింది. నీలం మాత్రం చూపుకోసం కలిపిన రంగే, నారింజతో దానికి చుట్టరికం లేదు. ఈ నీలాన్ని నారింజ రసంలో పోస్తే ఆకుపచ్చ, క్రీమ్ కూడా కలిస్తే పిస్తా రంగు వస్తుంది. పిస్తా రంగు గ్లాసులోంచి నారింజ రుచి రావడం నాకైతే నచ్చదు. కంటికీ నోటికీ పొత్తు కుదరదు. నీలమే కావాలంటే రసం మానేసి, తొక్క పాకమూ క్రీమూ బ్లూ కురసావూ కలపండి. వేకువ ఆకాశం రంగు వస్తుంది, విరిగే బెడదా ఉండదు.

శంఖపుష్పం కథ వేరు. ఎండిన నీలి శంఖపుష్పాలను ఒక చెంచాడు తీసుకుని జిన్‌లోనో వోడ్కాలోనో గంటసేపు నానబెడితే ముదురు నీలం దిగుతుంది. అందులోని ఆంథోసయనిన్లు ఆమ్లతను బట్టి రంగు మారుస్తాయి. పులుపు లేనంతసేపూ నీలం, నిమ్మరసం తగిలితే ఊదా, ఇంకా పులుపెక్కితే గులాబీ వైపు. పుల్లని రసమూ పాకమూ ఉన్న గ్లాసు నిండా ఐసు వేసి, నీలి మద్యాన్ని ఐసు మీద నుంచి సన్నగా జారవిడిస్తే, పైన నీలం, అడుగున పసుపు, రెండూ కలిసే చోట ఊదా దారాలు కిందికి జారుతూ కనిపిస్తాయి. పులుపు ఎక్కడిదాకా వచ్చిందో రంగే చెబుతుంది కాబట్టి, క్రీమ్‌ను ఎక్కడ ఉంచాలో కూడా అదే చూపిస్తుంది: నీలం మీద, ఊదాకు దూరంగా.

ఆ క్రీమ్‌ను నేరుగా పోస్తే మాత్రం మునుగుతుంది. 40 శాతం మద్యం సాంద్రత 0.95 దగ్గర ఉంటుంది, చిక్కటి క్రీమ్‌ది దాదాపు నీటి అంత. రసం 1.04, సమపాళ్ళ పంచదార పాకం 1.23. అందువల్ల తీపి పానీయం మీద తేలే క్రీమ్, పలుచని మద్యం మీద తేలదు. ఉపాయం గాలి. గిన్నెలో క్రీమ్‌ను కవ్వంతో కొద్దిసేపు చిలికి, చెంచా నుంచి ముద్దగా కాక ధారగా జారే స్థితిలో ఆపేస్తే, అందులో చేరిన గాలివల్ల ఏ పొర మీదైనా నిలుస్తుంది. ఇలా పొరలుగా పేర్చడంలో మరో లాభం, పులుపూ క్రీమూ ముఖాముఖి కలిసేది సన్నని హద్దు దగ్గర మాత్రమే. విరగడానికి అవకాశమే మిగలదు.

ఇక ఒక గ్లాసు

45 మి.లీ. తెల్ల రమ్ లేదా వోడ్కా, పైన చెప్పిన తొక్క పాకం 20 మి.లీ., అప్పుడే పిండి వడకట్టిన నారింజ రసం 40 మి.లీ., పులుపు చాలదనిపిస్తే నిమ్మరసం 5 మి.లీ. వరకు, రెండు చుక్కల వనిల్లా. వీటిని షేకర్‌లో నిండుగా ఐసు వేసి పన్నెండు, పదిహేను సెకన్లు గిలక్కొట్టాలి. షేకర్ బయట మంచుపొర కట్టి చేతికి చురుక్కుమనాలి. అప్పుడు మూత తీసి 30 మి.లీ. చల్లటి విప్పింగ్ క్రీమ్ పోసి, వెంటనే మరో పది సెకన్లు. టీ వడపోతతో సహా రెండు జల్లెడల గుండా చల్లని గ్లాసులోకి వంచాలి. తొనల పిప్పి, ఐసు రవ్వ పైనే ఆగిపోతాయి. గ్లాసులో మళ్ళీ ఐసు వేయనక్కర లేదు. చివర దానిమ్మ పాకం 10 మి.లీ. చెంచా వెనక మీదుగా గ్లాసు గోడ వెంట జారవిడిస్తే, బరువుకు అది నేరుగా అడుగుకు దిగి ఎర్రగా పరుచుకుంటుంది. పైకి వచ్చేకొద్దీ గులాబీ, పీచు రంగు, ఆపైన తెల్లని నురగ. దుకాణాల్లో గ్రెనడిన్ పేరుతో వచ్చే సీసాల్లో చాలావాటికి దానిమ్మతో పరిచయం ఉండదు. దానిమ్మ రసంలో అంతే బరువు పంచదార వేసి, మరగనివ్వకుండా గోరువెచ్చగా కరిగించుకుంటే అసలుది ఇంట్లోనే వస్తుంది.

గ్లాసు చేతికిచ్చే ముందు తొక్క ముక్క ఒకటి తీసుకుని, రంగు వైపు నురగకేసి పెట్టి వేళ్ళతో మడిచి నొక్కాలి. వెలుతురుకు ఎదురుగా చూస్తే సన్నటి తుంపర కనిపిస్తుంది. కొవ్వు సుగంధ తైలాన్ని తనలో దాచుకుని నెమ్మదిగా విడుస్తుంది కాబట్టి, క్రీమ్ ఉన్న పానీయంలో లోపలి వాసన ముక్కుకు ఆలస్యంగా అందుతుంది. పైన చల్లిన తైలం ఆ లోటు తీరుస్తుంది.

పాల క్రీమ్ పడనివారికి కొబ్బరి క్రీమ్ మంచి తోవ. అందులో కేసిన్ లేదు. 1950లలో ప్యూర్టోరికోలోని శాన్ హువాన్ హోటల్ బార్లలో పేరు తెచ్చుకున్న పిన్యా కొలాడా, పులుపున్న అనాసరసంలోనూ చిక్కగా నిలిచేది కొబ్బరి పుణ్యమే. 1978లో ఆ ద్వీపం దాన్ని తన అధికారిక పానీయంగా ప్రకటించుకుంది. కానీ కొబ్బరి కొవ్వు సుమారు 24 డిగ్రీల సెల్సియస్ కింద గడ్డకడుతుంది కాబట్టి ఐసుతో గిలక్కొట్టినప్పుడు తెల్లని రవ్వ తేలవచ్చు. విరిగిందని కంగారు పడవద్దు. ఒక పలుకు నాలుక మీద పెట్టుకుంటే కరిగిపోతే అది కొవ్వు, కరగకుండా పిండిలా మిగిలితే ప్రోటీన్. కొవ్వయితే మిక్సీలో ఐసుతో కలిపి తిప్పితే సర్దుకుంటుంది. సోయా పాలు మాత్రం పులుపుకు పాలలాగే విరుగుతాయి.

పై కొలత గ్లాసులో శుద్ధ ఆల్కహాల్ 18 మి.లీ., అంటే దాదాపు 14 గ్రాములు ఉంటుంది. కరిగిన ఐసుతో కలిపి మొత్తం పానీయంలో ఇది పది శాతానికి అటూఇటూ, వైన్ కంటే కాస్త తక్కువ. క్రీమూ తీపీ మద్యపు మంటను కప్పేస్తాయి కాబట్టి రెండో గ్లాసు కూడా ఐస్‌క్రీమ్‌లా దిగిపోతుంది. లెక్క నోటికి కాక జిగ్గర్‌కు, అంటే మద్యం కొలిచే చిన్న పాత్రకు, అప్పగించడం మంచిది. మద్యం వద్దనుకుంటే రమ్ తీసేసి, ఆ స్థానంలో చల్లటి నీళ్ళలో నానిన శంఖపుష్పం తేటనో, బాగా చల్లార్చిన పలుచని టీనో పోసినా కూర్పు చెడదు. ఇంకా చెప్పాలంటే, ఆల్కహాల్ లేనప్పుడు కేసిన్ మీద ఒత్తిడి ఒకటి తగ్గి, నున్నదనం మరికాస్త ఎక్కువసేపు నిలుస్తుంది.

షేకర్ ఖాళీ అయిన వెంటనే ముందు చన్నీళ్ళతో తొలచండి. తొందరలో వేడినీళ్ళు పోస్తే, గ్లాసులో విరగకుండా కాపాడుకున్న ప్రోటీన్ షేకర్ గోడ మీద గట్టిపడి పట్టుకుంటుంది, దాన్ని గీకడానికి తాగినంత సేపు పడుతుంది.